పాఠం 12: పరాయి దేశపు రోడ్డు మీద – ఇద్దరి బాధ్యత

12.0 ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు.

– ఉద్యోగం పని మీద వేరే దేశం వెళ్లి కారు నడపాలంటే ఏ కాగితాలు కావాలో చెప్పగలుగుతారు.
– రోడ్డుకు కుడివైపున నడిపే దేశంలో మన అలవాటు ఎక్కడ పొరపాటుకు దారి తీస్తుందో గుర్తించగలుగుతారు.
– జర్మనీ రోడ్ల ముఖ్య నియమాలు వివరించగలుగుతారు.
– డ్రైవరు పక్కన కూర్చున్న సహోద్యోగి చేయవలసిన పని ఏమిటో, ఎందుకు చేయాలో తెలుసుకుంటారు.

12.1 పరిచయం

మీరు హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఒక కర్మాగారంలో పనిచేస్తున్నారనుకుందాం. మీ కర్మాగారం జర్మనీ నుండి ఒక కొత్త యంత్రం కొంటోంది. దాన్ని ఓడలో ఎక్కించే ముందు అక్కడే నడిపించి చూసి రావడానికి మిమ్మల్నీ, మీ విభాగంలోని సీనియర్ ఇంజనీరునూ రెండు వారాలకు పంపించారు. యంత్రం తయారయ్యే ఊరు స్టుట్‌గార్ట్ దగ్గర ఉంది. బస ఒక చోట, పని ఒక చోట. అందుకని ఒక కారు అద్దెకు తీసుకున్నారు. కారు నడిపేది ఆయన. పక్కన కూర్చునేది మీరు. ఆయనకు మన దేశంలో ఇరవై ఏళ్లుగా కారు నడిపిన అనుభవం ఉంది.

మొదటి రెండు రోజులు ఇద్దరూ చాలా జాగ్రత్తగా ఉన్నారు. మూడో రోజు ఉదయం పెట్రోలు బంకు దగ్గర ఆగారు. అక్కడ పెట్రోలు మనమే పోసుకోవాలి. పంపు నంబరు చూసుకొని లోపల కౌంటరులో డబ్బు కట్టాలి. ఆ పని ముగించుకొని మాట్లాడుకుంటూ కారెక్కారు. బంకులోంచి బయటికి వచ్చి ఎడమకు తిరగాలి. రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన మన ఊళ్లో తిప్పినట్టే, దగ్గరగా ఉన్న వరుసలోకి తిప్పారు. ఆ వరుస ఎదుటి నుండి వచ్చే వాహనాలది. దూరంగా ఒక లారీ కనబడుతోంది.

మీకు విషయం అర్థమైంది. కాని ఆయన మీకంటే పెద్దవారు. మీ పై అధికారి. డ్రైవింగులో అనుభవం ఉన్నవారు. మీరు ఏమంటారు? ఎంతసేపటికి అంటారు?

ఈ పాఠం ముఖ్యంగా ఈ ప్రశ్న గురించే. దీనికి జవాబు చెప్పుకునే ముందు కొన్ని విషయాలు తెలుసుకుందాం.

12.2 బయలుదేరే ముందు – కాగితాలు

మన దేశపు డ్రైవింగు లైసెన్సును అన్ని దేశాల పోలీసులూ చదివి అర్థం చేసుకోలేరు. అందుకోసం దానికి తోడుగా ‘ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్’ అనే చిన్న పుస్తకం ఇస్తారు. 1949లో జెనీవాలో కుదిరిన రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం మన దేశం దీన్ని జారీ చేస్తుంది. మీ లైసెన్సులోని వివరాలను ఇతర భాషల్లో తెలియజేయడం దీని పని.

ఈ పర్మిటు గురించి నాలుగు విషయాలు గుర్తుంచుకోండి.

మొదటిది: దీన్ని మన రవాణా శాఖ కార్యాలయమే ఇస్తుంది. డబ్బు తీసుకొని ‘అంతర్జాతీయ లైసెన్సు’ ఇప్పిస్తామనే దళారుల మాట నమ్మకండి. రెండోది: దీని గడువు ఒక సంవత్సరం మించదు. మూడోది: ఇది ఒక్కటే చాలదు. అసలు లైసెన్సు కూడా దగ్గర ఉండాలి. నాలుగోది: కొద్దిరోజుల ప్రయాణానికి ఒక నియమం, అక్కడే నివాసం ఉండడానికి మరొక నియమం ఉంటాయి. జర్మనీలో స్థిరంగా నివాసం మొదలుపెట్టినవారికి మన లైసెన్సు ఆరు నెలల వరకే చెల్లుతుంది. ఆ తరువాత అక్కడి లైసెన్సు తీసుకోవాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో నివాస వీసా మీద పనిచేసే భారతీయులు కూడా అక్కడి లైసెన్సు తీసుకున్నాకే కారు నడపాలి. మీరు వెళ్లే దేశం ఏదైనా ఈ తేడాను ముందుగా విచారించి తెలుసుకోండి.

అద్దె కారు ఒప్పంద పత్రంలో ఎవరి పేరు రాశారో వారే నడపాలి. ‘కాసేపు నువ్వు నడుపు’ అని స్టీరింగు చేతులు మారితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా చిక్కుల్లో పడుతుంది. ఇద్దరూ నడపాలనుకుంటే ఇద్దరి పేర్లూ ముందే రాయించండి. వేగం మించినందుకు పడే జరిమానా అద్దె కంపెనీ ద్వారా మీరు ఇంటికి చేరిన తరువాత కూడా మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. అది నడిపినవారి మీదనే పడుతుంది. కనుక ఏ రోజు ఎవరు నడిపారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది.

12.3 ఎడమ నుండి కుడికి

మన దేశంలో వాహనాలు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్‌లలో కూడా ఇదే పద్ధతి. బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, మలేషియా కూడా ఎడమవైపు దేశాలే. కాని ప్రపంచంలో ఎక్కువ దేశాలు కుడివైపు పద్ధతి పాటిస్తాయి. జర్మనీ, ఫ్రాన్స్, అమెరికా, చైనా, గల్ఫ్ దేశాలు కుడివైపువి. మన పొరుగున ఉన్న మయన్మార్ 1970లో ఎడమ నుండి కుడికి మారింది. స్వీడన్ 1967 సెప్టెంబరు 3న మారింది.

కుడివైపు దేశంలో స్టీరింగు కారుకు ఎడమ పక్కన ఉంటుంది. గేరు మార్చేది కుడిచేత్తో. కాని పెడల్స్ వరుస మారదు. ఎడమ కాలి కింద క్లచ్, మధ్యలో బ్రేకు, కుడి కాలి కింద యాక్సిలరేటరు. అంటే చేతులు కొత్తగా నేర్చుకోవాలి, కాళ్లు పాత పనే చేయాలి. మన కార్లలో చాలావాటికి ఇండికేటరు మీట స్టీరింగుకు కుడివైపున ఉంటుంది. అక్కడి కార్లలో అది ఎడమవైపున ఉంటుంది. అందుకే మొదటి రోజు మలుపు దగ్గర లైటు వెలగడానికి బదులు, చినుకు లేకపోయినా వైపరు ఊగుతుంది. ఇది నవ్వుకునే పొరపాటు. నవ్వుకోలేని పొరపాట్లు మూడు ఉన్నాయి.

(అ) మలుపు. మన దేశంలో ఎడమ మలుపు చిన్నది, కుడి మలుపు పెద్దది. అక్కడ కుడి మలుపు చిన్నది. ఎడమకు తిరగాలంటే ఎదుటి నుండి వచ్చే వాహనాలకు దారి ఇచ్చి, రోడ్డు దాటి, అవతలి వరుసలో చేరాలి. పైన చెప్పిన బంకు దగ్గర జరిగిన పొరపాటు ఇదే.

(ఆ) పక్కకు జరగడం. మనకు కారు శరీరమంతా మన ఎడమ పక్కన ఉండడం అలవాటు. అక్కడ అది కుడి పక్కకు వస్తుంది. ఆ వెడల్పు అంచనాకు అందక డ్రైవరు తెలియకుండానే కుడి అంచుకు జరిగిపోతాడు. అంచున ఆగి ఉన్న కార్ల అద్దాలకు, సైకిలు మీద వెళ్లేవారికి దగ్గరవుతాడు.

(ఇ) చూపు. రోడ్డు దాటేటప్పుడు మనం మొదట కుడివైపు చూస్తాం. అక్కడ దగ్గరి వరుసలో వాహనాలు ఎడమ నుండి వస్తాయి. నడిచి దాటేటప్పుడు కూడా మొదట ఎడమవైపు చూడాలి.

ఇవన్నీ గుర్తుంచుకోవడానికి ఒక సులభమైన సూత్రం ఉంది: డ్రైవరు ఎప్పుడూ రోడ్డు మధ్య గీత వైపు ఉండాలి. మన దేశంలో డ్రైవరు కారుకు కుడివైపు కూర్చుంటాడు, మధ్య గీత కూడా అతనికి కుడివైపే ఉంటుంది. జర్మనీలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు, మధ్య గీత ఎడమవైపు ఉంటుంది. పక్క సీటులో ఉన్న మీరు మధ్య గీతకు దగ్గరయ్యారంటే కారు తప్పు వరుసలో ఉన్నట్టే.

పాఠాంతర్గత ప్రశ్నలు – 1

1. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌తో పాటు ఇంకా ఏమి దగ్గర ఉండాలి?
2. కుడివైపు దేశంలో ఏ మలుపు పెద్దది?
3. కారు సరైన వరుసలో ఉందో లేదో తెలుసుకునే సూత్రం ఏమిటి?

12.4 జర్మనీ రోడ్ల ముఖ్య నియమాలు

ఊరి పేరు రాసిన పసుపుపచ్చ బోర్డు కనిపించగానే గంటకు 50 కి.మీ. వేగ పరిమితి మొదలవుతుంది. వేరే అంకె రాసి ఉంటే అదే పాటించాలి. ఊరు దాటిన తరువాత మామూలు రోడ్ల మీద కార్లకు 100 కి.మీ. పరిమితి.

సిగ్నలు గాని బోర్డు గాని లేని కూడలిలో కుడివైపు నుండి వచ్చే వాహనానికి మొదట దారి ఇవ్వాలి. అది చిన్న సందులోంచి వచ్చినా సరే. పెద్ద రోడ్డు మీద ఉన్నాం కదా అని దూసుకుపోకూడదు. తెల్ల అంచు ఉన్న పసుపుపచ్చ డైమండు బోర్డు కనిపిస్తే ఆ రోడ్డు మీద మీకు ప్రాధాన్యం ఉందని అర్థం. తలకిందులు త్రిభుజం కనిపిస్తే ఇతరులకు దారి ఇవ్వాలి. ఎనిమిది మూలల ‘స్టాప్’ బోర్డు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రాలు పూర్తిగా ఆగాలి.

కుడికి తిరిగేటప్పుడు మీ పక్కనుండి సైకిలు మీద తిన్నగా వెళ్లేవారికి, మీరు తిరగబోయే రోడ్డును దాటుతున్న పాదచారులకు మొదట దారి ఇవ్వాలి. అద్దంలో చూస్తే చాలదు. మెడ తిప్పి చూడాలి.

మన లారీల వెనుక ‘సౌండ్ హారన్’ అని రాసి ఉంటుంది. అక్కడ ఊళ్లో హారన్ అపాయాన్ని హెచ్చరించడానికే మోగించాలి. హెడ్‌లైటు సంగతి కూడా అంతే. మన రోడ్ల మీద ఎదుటి బండి లైటు కొట్టిందంటే ‘నేను వస్తున్నాను, నువ్వు ఆగు’ అని అర్థం చేసుకుంటాం. అక్కడ చాలా సందర్భాల్లో ‘మీరు వెళ్లండి’ అని దాని అర్థం. అర్థాలు తారుమారయ్యే చోట లైటును నమ్మకండి. బోర్డును నమ్మండి.

ఇక ‘ఆటోబాన్’ అనే వేగమార్గం. కార్లకు అక్కడ అన్ని చోట్లా వర్తించే వేగ పరిమితి లేదన్న మాట మీరు విని ఉంటారు. అది నిజమే. కాని 130 కి.మీ. మించవద్దని ప్రభుత్వ సలహా. పైగా చాలా చోట్ల పరిమితి బోర్డులు ఉంటాయి. అక్కడ మించితే జరిమానా తప్పదు. కుడి వరుసలో నడపాలి. ముందు బండిని దాటడానికి మాత్రమే ఎడమ వరుసలోకి వెళ్లి, దాటాక తిరిగి కుడికి రావాలి. కుడివైపు నుండి దాటడం నిషేధం. వెనక్కి నడపడం, మధ్యలో వెనక్కి తిరగడం కూడా నిషేధమే. దిగవలసిన చోటు దాటిపోతే తరువాతి నిష్క్రమణ దాకా వెళ్లవలసిందే.

ముందు బండికి ఎంత దూరం ఉంచాలి? మీటరు చూపించే వేగంలో సగాన్ని మీటర్లుగా లెక్కపెట్టండి. 100 కి.మీ. వేగానికి 50 మీటర్లు.

వాహనాలు ఆగిపోయి బారులు తీరుతున్నప్పుడు ఎడమ చివరి వరుసలోని వారు ఎడమకు, మిగిలిన వరుసలవారు కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి వదలాలి. అంబులెన్సు కనిపించే దాకా ఆగకూడదు. ముందే వదలాలి.

12.5 పక్క సీటులోని వారి పని

డ్రైవింగులో సగం పని కళ్లది. పరాయి దేశంలో డ్రైవరు కళ్లకు రెండింతల పని పడుతుంది. బోర్డుల భాష కొత్త, కారు కొత్త, రోడ్డు పక్క కొత్త. ఈ భారంలో కొంత మీరు పంచుకోవాలి.

నడిపేవారు ఫోను చేత్తో పట్టుకోకూడదు. కనుక దారి చూపే ఫోను మీ బాధ్యత. బయలుదేరే ముందే దారి మొత్తం చూసుకోండి. మలుపు దగ్గరికి వచ్చాక కాదు, చాలా ముందుగానే చెప్పండి. వేగ పరిమితి బోర్డు మారినప్పుడల్లా అంకె చదివి వినిపించండి.

మాటలను కూడా ముందే నిర్ణయించుకోవాలి. ‘రైట్’ అన్న ఒక్క మాటే తీసుకోండి. అది కుడి అనీ, సరే అనీ అర్థమిస్తుంది. మన ఆర్.టి.సి. బస్సులో కండక్టరు ‘రైట్ రైట్’ అంటే పోనిమ్మని అర్థం. కూడలి మధ్యలో మీరు ‘రైట్’ అంటే నడిపేవారు దేన్ని తీసుకోవాలి? అందుకని మూడు మాటలు ఒప్పందం చేసుకోండి. కుడి వరుసలో ఉండాలంటే ‘కుడి పట్టండి’. మలుపు తిరగాలంటే ‘కుడికి తిరగాలి’ లేదా ‘ఎడమకు తిరగాలి’. అపాయం ఉంటే ‘ఆపండి’. కారు ఆగి మళ్లీ కదిలే ప్రతిసారీ, అంటే బంకు దగ్గర, హోటలు గేటు దగ్గర, పార్కింగు దగ్గర, అడగకపోయినా ‘కుడి పట్టండి’ అనండి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. వాహనాలు నిండుగా ఉన్న రోడ్డు మీద ముందు బండి మనకు దారి చూపిస్తుంది. ఖాళీ రోడ్డు మీద పాత అలవాటే దారి చూపిస్తుంది.

12.6 మొహమాటం

ఇప్పుడు బంకు దగ్గరికి తిరిగి వద్దాం.

మన ఇళ్లలో పెద్దలకు ఎదురు చెప్పకూడదని నేర్పుతారు. ఉద్యోగంలో పై అధికారి తప్పును నలుగురిలో ఎత్తి చూపడం మర్యాద కాదనుకుంటాం. చెప్పక తప్పనప్పుడు కూడా ‘సార్, మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట...’ అని మొదలుపెడతాం. ఆఫీసులో ఇది మంచి పద్ధతే. కారులో దీని ఖరీదు లెక్కకట్టి చూద్దాం.

గంటకు 50 కి.మీ. వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 14 మీటర్లు కదులుతుంది. ఆ మర్యాద వాక్యం పలకడానికి మూడు సెకన్లు పడుతుంది. ఈలోగా కారు 42 మీటర్లు ముందుకు పోతుంది. ఎదుటి లారీ కూడా అదే వేగంతో వస్తుంటే మధ్య దూరం 84 మీటర్లు తగ్గిపోతుంది. ‘ఆపండి’ అన్న మాటకు ఒక్క సెకను చాలు.

ఈ విషయాన్ని విమానయాన రంగం చాలా మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి రాకముందే ఒక విమానం పైకి లేవడానికి పరుగు తీసింది. ఎదుటి విమానం రన్‌వే మీది నుండి తప్పుకుందా అని ఆ విమానపు ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. ఎంతో అనుభవం ఉన్న కెప్టెన్ తప్పుకుందనే జవాబిచ్చాడు. ఇంజనీరు మళ్లీ అడగలేదు. ఇటువంటి ప్రమాదాల తరువాత విమాన సిబ్బందికి ఒక ప్రత్యేక శిక్షణ ప్రవేశపెట్టారు. సందేహం కలిగితే చిన్నవారు గట్టిగా చెప్పాలి, పెద్దవారు వినాలి అన్నది అందులో ఒక ముఖ్య పాఠం.

మన కారులో కూడా అదే పాఠం వర్తిస్తుంది. అయితే ధైర్యమంతా చిన్నవారి దగ్గరే ఉండాలనడం న్యాయం కాదు. మొదటి రోజు కారు తాళం చేతికి రాగానే పెద్దవారే ఇలా అనాలి: “చూడు తమ్ముడూ, ఈ కారులో నేను అధికారిని కాను. తప్పు కనిపిస్తే వెంటనే అను. ఆలోచించకు.” ఆయన అనకపోతే మీరే అడగండి: “సార్, నాకు అనుమానం వస్తే ‘ఆపండి’ అనేస్తాను. ఒకవేళ నాదే పొరపాటైనా ఏమీ అనుకోకండి.” మర్యాదకు కావలసిన మాటలన్నీ కారు కదలకముందే అయిపోతాయి. ఆ తరువాత ఒక్క మాట చాలు. ‘ఆపండి’ అన్నప్పుడు మొదట వేగం తగ్గించాలి. కారణం తరువాత అడగాలి. మీ అనుమానం తప్పని తేలితే పోయేది కొద్దిపాటి సమయమే.

ఇదే ధైర్యం మరొక చోట కూడా కావాలి. రాత్రంతా విమానంలో కూర్చొని ఉదయం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతారు. అక్కడి నుండి స్టుట్‌గార్ట్ సుమారు 200 కి.మీ. మధ్యాహ్నానికే పనిలో ఉండాలని ఆఫీసు కోరవచ్చు. నిద్ర లేని మనిషి కొత్త పక్కన నడపడం ప్రమాదం. ‘ఇవాళ రైలులో వెళ్తాం, కారు రేపు తీసుకుంటాం’ అని చెప్పడం పని ఎగ్గొట్టడం కాదు. సాయంత్రం విందులో నడపవలసినవారు ‘నాకు వద్దు’ అనడం కూడా అంతే. తాగి నడపడానికి రెండు దేశాల చట్టాలూ ఒప్పుకోవు. బీరు ఒక్క గ్లాసే కదా అని లెక్కలు వేసుకోవడం కంటే అసలు ముట్టకపోవడమే క్షేమం.

12.7 కారు ఆగిపోతే

ఆటోబాన్ మీద కారు చెడిపోతే వీలైనంత కుడి అంచుకు తీసి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించాలి. కారులో ఉండే మెరిసే చొక్కా వేసుకొని దిగాలి. ఇద్దరూ అంచున ఉన్న ఇనుప కంచె అవతలికి వెళ్లాలి. హెచ్చరిక త్రిభుజాన్ని కారుకు చాలా వెనుక, దూరం నుండి కనిపించేలా నిలబెట్టాలి. అది పెట్టడానికి వెళ్లేవారు కంచె అవతలి నుండే నడవాలి. గాయాలు తగిలితే 112కు, పోలీసులు కావాలంటే 110కి ఫోను చేయాలి. కారు తీసుకున్న రోజే చొక్కా, త్రిభుజం, మందుల పెట్టె ఎక్కడున్నాయో చూసుకోండి.

మీరు నేర్చుకున్న అంశాలు

ప్రయాణానికి ముందు కాగితాలు సరిచూసుకోవాలి. కుడివైపు దేశంలో డ్రైవరు మధ్య గీత వైపు ఉండాలి. ఆగి బయలుదేరిన ప్రతిసారీ, ఖాళీ రోడ్డు మీద, కొంచెం అలవాటైందనుకున్న మూడో నాలుగో రోజున మరింత జాగ్రత్త కావాలి. స్టీరింగు ఒకరి చేతిలో ఉన్నా ప్రాణాలు ఇద్దరివీ. కనుక చెప్పే బాధ్యత ఒకరిది, వినే బాధ్యత మరొకరిది.

చివరిగా ఒక మాట. రెండు వారాల తరువాత మీరు హైదరాబాదులో దిగి, మరునాడు ఉదయం మీ ఇంటి సందులోంచి బండి తీస్తారు. అప్పటికి కుడివైపు మీకు కొంత అలవాటై ఉంటుంది. ఆ రోజు వెనుక కూర్చున్నవారితో ‘ఎడమ పట్టు అని గుర్తు చేస్తూ ఉండండి’ అని చెప్పడం మరవకండి.

పాఠాంతర్గత ప్రశ్నలు – 2

1. సిగ్నలు, బోర్డు లేని కూడలిలో జర్మనీలో ఎవరికి మొదట దారి ఇవ్వాలి?
2. 120 కి.మీ. వేగంతో వెళ్లేటప్పుడు ముందు బండికి ఎన్ని మీటర్ల దూరం ఉంచాలి?
3. ‘రైట్’ అన్న మాట కారులో ఎందుకు వాడకూడదు?

పాఠాంత అభ్యాసం

1. బంకు దగ్గర మీరు ఉంటే ఏమి చేసేవారు? పది వాక్యాలలో రాయండి.
2. మీ పనిచోట చిన్నవారు పెద్దవారికి వెంటనే హెచ్చరిక చెప్పవలసిన సందర్భాలు ఏమైనా ఉన్నాయా? ఒక ఉదాహరణ రాసి, అక్కడ ఏ మాట వాడాలో మీ సహోద్యోగులతో కలిసి నిర్ణయించండి.

పాఠాంతర్గత ప్రశ్నలకు జవాబులు

ప్రశ్నలు – 1: 1. మన దేశపు అసలు డ్రైవింగు లైసెన్సు. 2. ఎడమ మలుపు. 3. డ్రైవరు ఎప్పుడూ రోడ్డు మధ్య గీత వైపు ఉండాలి.

ప్రశ్నలు – 2: 1. కుడివైపు నుండి వచ్చే వాహనానికి. 2. 60 మీటర్లు. 3. దానికి కుడి, సరే, పోనివ్వు అనే అర్థాలు ఉన్నందున పొరబడే అవకాశం ఉంది.